బుట్ట వదిలేసిన మేనమామ

తన కూతురి పెళ్ళిలో నేను అలిగి మధ్యలో వెళ్ళిపోయానని నా చెల్లెలు ఇప్పటికీ అనుకుంటోంది. తిరుపతిలో ఆ కల్యాణ మండపానికి వచ్చిన వాళ్ళందరూ అలాగే అనుకున్నారు. అసలు సంగతి నాకూ నా భార్యకూ తప్ప ఎవరికీ తెలియదు.

పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ ఉందని కొంత పేగు కోసి తీసేశారు. తర్వాత నెలల తరబడి మందు ఎక్కించారు. జబ్బు పోయిందన్నారు. చుట్టాలకు అంతవరకే చెప్పాను. మిగతాది ఎవరికి చెప్పుకోను? రోజుకు పది పన్నెండు సార్లు మరుగుదొడ్డికి పోవాలి. వెళ్ళొచ్చి కూర్చుంటే మళ్ళీ. వస్తోందని తెలిశాక మహా అయితే రెండు నిమిషాలు ఆపుకోగలను. గాలో మరొకటో తేడా కూడా తెలియదు. "కొన్నాళ్ళకు సర్దుకుంటుంది, ఓపిక పట్టండి" అంటాడు డాక్టరు. ఆయనకేం, కుర్చీలో కూర్చుని ఎన్నైనా చెబుతాడు.

నగరిలో మాది గుంత మగ్గం. గుంతలో కాళ్ళు పెట్టుకుని నేసేవాడు లేవాలంటే రెండు చేతులూ ఊని పైకి రావాలి. ఆ రెండు నిమిషాలూ దానికే సరిపోతాయి. ఒకసారి లేవలేకపోయాను. గుంతను నా భార్యే కడిగింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మగ్గం మీదే మేనకోడలికి పెళ్ళిచీర నేశాను. పదిహేను రోజుల పని మూడు నెలలు పట్టింది.

మాలో పెళ్ళికూతుర్ని మేనమామే వెదురుబుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి తీసుకురావాలి. నేను బరువు ఎత్తకూడదు కనుక పిల్ల చిన్నాన్నలిద్దరూ మోసేటట్టు, నేను బుట్ట అంచు పట్టుకుని నడిచేటట్టు మాట్లాడుకున్నాం. మొత్తం ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగుల కోసం ముందు రోజు మధ్యాహ్నం నుంచి అన్నం మానేశాను. విరేచనాలు ఆగే మాత్రలు వేసుకున్నాను. నన్నెవరూ ఎరగని పుత్తూరు మందుల షాపులో పెద్దవాళ్ళ డైపర్లు కొని, పట్టుపంచె కింద ఒకటి కట్టుకున్నాను.

పెళ్ళిరోజు పొద్దున చెల్లెలు పెద్ద గ్లాసు నిండా కాఫీ తెచ్చింది.

"ఉత్త కడుపుతో బుట్ట పట్టకూడదు అన్నా. నా చేత్తో ఇస్తా ఉండా, తాగు" అనింది.

పాలు పడవని చెప్పొచ్చు. చెబితే ఎందుకు పడవో కూడా చెప్పాలి. తాగేశాను. ఆ కాఫీయే నా కొంప ముంచింది.

పురోహితుడు పిలవగానే వెళ్ళి బుట్ట అంచు పట్టుకున్నాను. పిల్ల నవ్వుతూ నా చేతి మీద చెయ్యి వేసింది. నాలుగడుగులు వేశామో లేదో కడుపు మెలిపెట్టింది. డైపర్ ఉంది కదా, నిలబడొచ్చు. కానీ వాసనను ఏది ఆపుతుంది? పెళ్ళిపీటల దగ్గర, అంతమంది మధ్య. బుట్ట వదిలేసి పరిగెత్తాను.

మండపం వెనక మరుగుదొడ్లో కూర్చుంటే గోడ అవతల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"మేనమామ యాడికి పోయినాడు?"

"పిల్లను కొడుక్కి అడిగినాడంట గదప్పా. ఇయ్యలేదని కడుపుమంట."

నిజమే, మూడేళ్ళ కింద అడిగాను. వద్దన్నారు. ఆ సంగతి నేను ఎప్పుడో మరిచిపోయాను. కానీ మేనరికం కాదంటే మేనమామ పందిట్లో అలగడం మావైపు కొత్త కాదు. కాబట్టి అందరూ ఇట్టే నమ్మేశారు. కాసేపటికి తాళి కట్టేటప్పటి గట్టిమేళం మోగింది. అది మోగినంతసేపూ నేను ఆ మరుగుదొడ్లోనే కూర్చుని ఏడ్చాను.

డైపర్ దాటి పంచె కూడా పాడైపోయింది. వెనక గేటు నుంచే నా భార్యతో ఊరికి బయలుదేరాను.

"మీ చెల్లెలికి నేను చెప్తానయ్యా. చెప్తే ఏం పోతాది?" అంది నా భార్య దారిలో.

"చెప్పినావంటే సూడు" అన్నాను.

నేను లేచిన చోట చాప వంక అనుమానంగా చూసే చుట్టాల ముందు బతకడం కంటే కోపిష్టి మేనమామగా ఉండిపోవడమే నయమనుకున్నాను. నయమేమీ కాదు. పెళ్ళయ్యాక కొత్తజంట మేనమామ ఇంటికి విందుకు రావాలి. వాళ్ళు రాలేదు. వస్తారేమోనని నా భార్య తెచ్చిపెట్టిన కొత్తబట్టలు బీరువాలోనే ఉన్నాయి.

నాలుగు నెలల తర్వాత మొన్న మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది.

"బిడ్డ దినామూ నిన్నే అడగతా ఉండాది అన్నా. నీకు ఆ కోపం ఇంకా పోలేదా?"

చెప్పేద్దామని నోరు తెరిచాను. నిజంగానే చెప్పేవాణ్ణి. అంతలో కడుపులో మళ్ళీ మొదలైంది.

"పోలేదు" అని ఫోన్ పెట్టేసి పరిగెత్తాను.