బంతి మీది అక్షరాలు

నేను బడికి వెళ్లి చదువుకోలేదు. కంకిపాడులో మా వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి అమ్మే పదో తరగతి దాకా చెప్పింది. పదహారో ఏట, మా ఇంటి వెనక గ్రౌండ్‌లో ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడుతుంటే చూసి నేనూ వస్తానన్నాను. కోచ్ మేడమ్ కాదనకుండా చేర్చుకున్నారు. ఆ మేలు మరువలేను.

బంతి పట్టడం, పరుగెత్తడం తొందరగానే వచ్చాయి. బ్యాటింగే రాలేదు. నెల రోజుల్లో విజయవాడలో జిల్లా జట్టు ఎంపిక. పది బంతులు వేస్తారు, నాలుగైనా గట్టిగా కొట్టకపోతే ఇంటికే. నాకు పదిలో ఒకటి తగిలితే గొప్ప.

మేడమ్ నా మోచేతులు సరిచేశారు, కాళ్ల మధ్య ఎడం సరిచేశారు, నడుము తిప్పడం నేర్పారు. అయినా బంతి వెనక్కే పోయేది. ఒకరోజు ఆవిడ బంతి వేసే అమ్మాయి వెనకాల నిలబడి చూసి, తెల్లబోయారు.

"ఏంటమ్మా, బంతి వచ్చేటప్పుడు కళ్లు మూసుకుంటున్నావు?"

"దుర్గమ్మకి దణ్ణం పెట్టుకుంటున్నానండీ."

"ప్రతి బంతికీనా?"

నా వెనక బంతి పట్టే పిల్ల అందుకుంది. "పాపం అమ్మవారు మేడమ్! కొండ దిగి రోజుకి వందసార్లు ఇక్కడికి రావాలి."

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. మేడమ్ మాత్రం "బ్యాట్ అందుకునే ముందు ఒక్కసారి పెట్టుకో తల్లీ. ఆ తర్వాత చూపంతా బంతి మీదే" అన్నారు.

చిన్నప్పటి అలవాటు అంత తేలిగ్గా పోతుందా? అమ్మతో చెప్పుకున్నాను. ఆమె పది పాత బంతులు తెప్పించి, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం స్కెచ్ పెన్నుతో చుట్టూ రాసింది. రోజూ పొద్దున్నే బంతులు ఆపడానికి దండెం మీద పాత దుప్పటి కట్టి, నా పక్కన పీట వేసుక్కూర్చుని ఒక్కో బంతీ ఎగరేసేది. అక్షరం పైకి చెప్పి కొట్టాలి.

"ప!"

"ప కాదే, ష. పొట్టలో గీత కనపళ్లేదూ? మూశావు కళ్లు."

"మూయలేదమ్మా!"

"నాకు చెప్పకు. మళ్లీ."

మూడు వారాలకి పదీ తప్పు లేకుండా చదివాను. దుప్పటి చిరిగింది.

ఎంపిక రోజు అమ్మా నాతో వచ్చింది. దణ్ణం ముందే పెట్టుకుని వెళ్లి నిలబడ్డాను. మొదటి మూడు బంతులూ పోయాయి. కళ్లు తెరిచే ఉంచాను, కానీ ఆ కొత్త బంతుల మీద అక్షరమే లేదు! దేన్ని చూడాలో తెలియలేదు. నాలుగోసారి బంతి, వేసే అమ్మాయి చేతిలోంచి జారగానే ఎర్రటి కుట్టు తిరుగుతూ కనిపించింది. దాన్నే చూస్తూ నడుము తిప్పాను. ఆ చప్పుడు, ఆ తగిలిన తీరు ఇప్పటికీ నా అరచేతుల్లో ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కటీ వదల్లేదు. పదోది గోడ దాటింది.

జాబితాలో నా పేరు మూడోది, నన్ను ఆట పట్టించిన పిల్లది ఐదోది. ఇద్దరం మెడలు పట్టుకుని గెంతుతుంటే, "పడతారే, నెమ్మది!" అని అరుస్తూ అమ్మ చెప్పులు వదిలేసి గ్రౌండ్‌కి అడ్డంగా పరుగెత్తుకొచ్చింది.