గుమ్మం ఎరిగిన సైనికుడు

మా చిన్నాన్న సుబేదారు జగన్నాథరాజుగారు విశాఖపట్నం ఆస్పత్రిలో పరమపదించారు. ఆ వార్త మోసుకుని చోడవరం వచ్చినవాడు బుచ్చయ్యపేట అప్పలస్వామి, ఆయన దళంలోనే జవానుగా పనిచేసినవాడు. ముఖం చూడగానే తెచ్చింది మంచి కబురు కాదని తెలిసింది. అయినా నేనేమీ అడగలేదు. చెంబుతో నీళ్లిచ్చాను. కాళ్లు కడుక్కున్నాడు. మజ్జిగ తెప్పించాను.

అది మా ఇంటి ఆచారం. గుమ్మంలోకి వచ్చినవాడు శత్రువైనా సరే, కాళ్లు కడుక్కుని దాహం తీర్చుకునేవరకూ వచ్చిన పనేమిటని అడగరాదు. మా తాతలనాటి ఎస్టేటు పోయింది. ఏనుగుల సాలలో ఇప్పుడు ఎవరివో చెరకు బళ్లు ఆగుతున్నాయి. వాకిట్లో కాళ్లు కడుక్కునే నీళ్ల గంగాళం మాత్రం ఏ పూటా వెలితి పడలేదు.

ఆ ఆచారాన్ని చిన్నాన్న సముద్రాలు దాటించారు. గాజాలో అంతర్జాతీయ శాంతిసేనతో ఉన్నప్పటి సంగతి అప్పలస్వామే మాకు పదేపదే చెప్పేవాడు. మన జవాన్లు సరిహద్దున ముళ్లతీగ వేస్తూ, తెలియక, అక్కడి పల్లెవాళ్ల సమాధుల మధ్య గుంజలు పాతారు. పల్లె తిరగబడింది. రాళ్లు పడ్డాయి. తుపాకులతో ట్రక్కులు పంపుతానన్నాడు పై అధికారి. చిన్నాన్న ఒక్క పూట గడువడిగి, అప్పలస్వామినీ ఒక దుబాసీనీ వెంటబెట్టుకుని, ఆయుధం లేకుండా ఊరిపెద్ద ఇంటికి వెళ్లారు. బూట్లు గుమ్మం బయట విడిచి కూర్చున్నారు. ఊరిపెద్ద ముసలాయన లోపలికి సైగ చేశాడు. చేదు కాఫీ వచ్చింది.

"బేగి సంగతెత్తండి బాబూ, బయట రాళ్లట్టుకు నిల్సున్నారు" అని అప్పలస్వామి గొణిగాడు.

"నోర్ముయ్యరా. ఆయనింకా అడగనేదు. మా ఇంట్లో మజ్జిగ తాగకుండా నిన్నెప్పుడైనా కబురడిగేమేటి?"

కప్పు ఖాళీ అయ్యాక ముసలాయనే అడిగాడు, ఎందుకొచ్చావని. చిన్నాన్న లేచి చేతులు జోడించి, మావాళ్లు తెలియక చేశారు, పాతిన చేతులతోనే పీకిస్తాను అన్నారు. పొద్దు వాలేలోగా గుంజలు లేచాయి. ఒక్క తుపాకీ పేలలేదు.

సెలవుకు వచ్చినప్పుడు ఆ కాఫీయే ఇక్కడ తగవైంది. పెద్దత్త పంక్తిలో ఆయనకు విస్తరి వెయ్యనివ్వలేదు.

"పరాయి మతపోళ్లింట తాగొచ్చేవట. ప్రాయశ్చిత్తం సేసుకున్నాకే బంతి."

"తాగకపోతే తుపాకీ పేల్చాలే అక్కా. రెండిట్లో ఏది మైలో నువ్వే సెప్పు."

పంక్తి చివర కూర్చున్న నాయనమ్మ తన విస్తరి పక్కకు జరిపింది. "ఇంటాయన పెట్టింది వద్దన్నోడికే మైల. ఇలా కూకోరా బాబూ."

"ఏ దేశమైనా గుమ్మం గుమ్మమేరా. దాటేముందు అదెవరిదో ఎరగాలి" అనేవారు చిన్నాన్న. అది ఆయనకు ఏ శిక్షణలోనూ నేర్పలేదు. మా వాకిట్లో నేర్చుకున్నారు.

అప్పలస్వామి ఆ మజ్జిగ చాలా నెమ్మదిగా తాగాడు. తొందరపెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. గ్లాసు ఖాళీ అయ్యేవరకూ మా ఇంట్లో చిన్నాన్న బతికే ఉన్నారు. తరువాత గ్లాసు కింద పెట్టి, "సుబేదారు బాబు ఎల్లిపోనారండి" అన్నాడు.

సొంత ఇంటికి వచ్చినా చిన్నాన్న బూట్లు విప్పి, గంగాళం దగ్గర కాళ్లు కడుక్కునే లోపలికి వచ్చేవారు. ఆ నీళ్ల చప్పుడుతోనే వచ్చారని మాకు తెలిసేది. ఆ మహనీయుని పాదాలకు నమస్కరిస్తున్నాను. గంగాళం ఈ ఉదయమూ నింపించాను. వాకిట్లో ఎవరు చెంబు ముంచినా, నా తల ఇంకా అటే తిరుగుతోంది.