గిద్యోను చాటిన ఊరి మాట

గిద్యోనుకు చదువు రాదు. కానీ ఒక్కసారి విన్న మాటను పొల్లుపోకుండా తిరిగి చెప్పగలడు. మనూర్ దగ్గరి వాళ్ల ఊళ్లో ఇరవై ఏళ్లుగా డప్పు కొట్టి సర్కారు హుకుంలు చాటేది అతనే. అందుకు ప్రతిఫలంగా వచ్చిన రెండెకరాల మెట్ట చెలకే ఇంటికి ఆధారం.

1971 నవంబరు. పాకిస్తాన్‌తో యుద్ధం తప్పేలా లేదని జనం ఎక్కడ చూసినా మాట్లాడుకుంటున్నారు. ఊళ్లో సర్కారు తరఫున పెత్తనం చేసే పోలీసు పటేలు పిలిచి ఒక చాటింపు అప్పగించాడు. గిద్యోను ఊళ్లో మూడు చోట్ల నిలబడి డప్పు కొట్టాడు.

"సోమవారం నారాయణఖేడ్‌ల సభ ఉన్నదహో! హైదరాబాద్ కెల్లి లీడరు వస్తుండు. ఇంటికొక్కరు పోవాలె. యుద్ధం సంగతిల ఎవ్వరు సర్కారును తప్పు పట్టొద్దహో!"

ఆ చివరి మాట జనానికి గుచ్చుకుంది. ఆ ఏడు వానలు లేక జొన్న మోకాలెత్తు కూడా ఎదగలేదు. బావి దగ్గర బాలప్ప అనే రైతు అతనికి అడ్డం నిలబడ్డాడు.

"తెలంగాణ తెస్తమని ఓట్లేయించుకున్నరు. గెలిచినంక పోయి సర్కారు పార్టీలనే కలిసిండ్రు. గిప్పుడు గీళ్లు యుద్ధమంటే మనం చప్పట్లు కొట్టాల్నా? ఎండిన బాయిల దిక్కు ఒక్కడన్న వచ్చి చూసిండా?"

చంద్రమ్మ మాత్రం గొంతు పెంచలేదు. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఫౌజులో ఉన్నాడు. "నా కొడుకు జాబు రాసి రెండు నెలలాయె. ఏ బార్డర్ల ఉన్నడో చెప్పెటోడు లేడు. యుద్ధం చెయ్యాల్నా వద్దా అని పెద్దోళ్లు మాట్లాడుకుంటుండ్రు. పోయెటోళ్ల అవ్వలను ఒక్క మాటన్న అడిగిండ్రా?"

"నేను చాటెటోన్ని అక్కా" అని మాత్రం అన్నాడు గిద్యోను.

మర్నాడు పొద్దున్నే పటేలు కబురు పెట్టాడు. "నిన్న ఎవరెవరు ఏమన్నరు? పేర్లు పైకి పంపాలె."

"అందరు అన్నరు పటేలా."

"అందరికి పేర్లు లేవా? సోమవారం దాంక యాది చేస్కో. లేకుంటే నీ చెలక సంగతి నేను చూస్త."

ఈ సంగతి ఊరంతా పాకింది. గిద్యోను బావి దగ్గరికి వస్తే మాటలు ఆగిపోయేవి. బాలప్ప సగం నిండిన బొక్కెనతోనే వెళ్లిపోయాడు. ఇన్నేళ్లలో తనను చూసి మనుషులు భయపడటం గిద్యోనుకు అదే మొదలు. ఇంట్లో భార్య గ్రేసమ్మ, "బాలప్ప పేరు చెప్పు, వానికి ధైర్యమెక్కువ, తట్టుకుంటడు" అంది. కాసేపటికి తనే ఏడ్చి, "వద్దు, ఎవ్వరి పేరు చెప్పకు" అంది.

సోమవారం సభ అయిపోయాక పటేలు అతన్ని లీడరు దిగిన బంగ్లాకు తీసుకుపోయాడు. వరండాలో భోజనాలు నడుస్తున్నాయి. లీడరు అలసిపోయి ఉన్నాడు.

"ఊర్ల జనం ఏమనుకుంటుండ్రు?"

"అందరు సంబురంగ ఉన్నరు సార్" అన్నాడు పటేలు. "నలుగురైదుగురు తప్ప. వాళ్లెవరో వీనికెరుక."

లీడరు గిద్యోను వైపు తిరిగి చెప్పమన్నాడు. గిద్యోను చేతిలో డప్పు లేదు. అయినా డప్పు ఉన్నట్టే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి గొంతెత్తాడు. బాలప్ప మాటలు, చంద్రమ్మ మాటలు, ఒక్కటీ వదలకుండా చాటాడు. తినేవాళ్ల చేతులు ఆగిపోయాయి. పటేలు ముఖం పాలిపోయింది.

"గా మాటలు ఎవరియి?" లీడరు మెల్లగా అడిగాడు.

"సర్కారు మాట చాటినప్పుడు ఎవరిదని నన్నెవ్వరు అడగలె సార్. ఊరి మాట గూడ గంతే. పేరు కావాల్నంటే నాదే రాస్కోండ్రి."

లీడరు చేయి కడుక్కుంటూ, "ఆ జవాను పేరేంది?" అన్నాడు.

ఊరి నుంచి ఫౌజుకు పోయినవాళ్లు చాలామందే; కొడుకు పేరు చెబితే మాత్రం తల్లి ఎవరో తెలిసిపోతుంది. సాయం చేయడానికి అడుగుతున్నాడో, పట్టించడానికో అతని ముఖం చూస్తే తెలియడం లేదు. గిద్యోను తల వంచుకున్నాడు. లీడరు ఒక్క క్షణం చూసి, జీపు ఎక్కి వెళ్లిపోయాడు.

ఊరికి వచ్చి జరిగింది చెబితే బాలప్ప అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. చంద్రమ్మ మాత్రం మండిపడింది. "ఎందుకు చెప్పలె? నన్ను పట్టుకపోతే పట్టుకపోదురు! నా కొడుకు బతికున్నడో లేడో తెలుస్తుండె కదా!"

గిద్యోను ఇంటి దారి పట్టాడు.

డిసెంబరు మొదట్లో యుద్ధం మొదలైంది. ఆ వార్త చాటింది గిద్యోను కాదు. పటేలు డప్పునూ చెలకనూ వేరొకరికి ఇప్పించాడు. రెండు వారాల్లో యుద్ధం ముగిసింది. సంక్రాంతి దాటాక చంద్రమ్మ కొడుకు దగ్గర నుంచి జాబు వచ్చింది. కాలికి తూటా తగిలి దవాఖానలో ఉన్నాడు. ఆమె జాబు చదివించుకుని, గిద్యోను ఇంటికి వచ్చి గడపలో కూర్చుంది. గిద్యోను వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

తర్వాత గిద్యోను హైదరాబాద్‌లో రాళ్లు మోసి బతికాడు. ముసలితనంలో ఊరికి తిరిగొచ్చాక కూడా, లీడరుకు ఆ జవాను పేరు చెప్పి ఉండాల్సిందా అని అప్పుడప్పుడు గ్రేసమ్మను అడిగేవాడు. ఆమె ఒకరోజు చెప్పాల్సింది అనేది, ఇంకోరోజు మంచి పని చేసినవ్ అనేది.