మిడతల మీద పడిన అనుమానం

మొన్న మా తమ్ముడి కూతురు ఫోనులో ఒక వీడియో చూపించింది. అందులో క్రోమోజోముల కొనలు కేంద్రకం గోడకు లోపలివైపున తగులుకుని, ఆ గోడ వెంబడే జరుగుతూ వచ్చి ఒక పక్కన గుమిగూడుతున్నాయి. అలా చేరడం వల్లే ఒక్కొక్కటీ తన జతను వెతుక్కోగలుగుతుందట. అది చూస్తూండగానే నా చూపు నా కుడి బొటనవేలి మీదికి పోయింది.

మిర్యాలగూడ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పడానికి కొత్తగా చేరి, పర్మినెంటు చేస్తారో లేదోనని బిక్కుబిక్కుమంటున్న రోజుల్లో, మా శాఖ పెద్దసారు ఆ వేలి మీదే నేరం మోపారు. మన తరంలో జంతుశాస్త్రం చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మిడత వృషణానికి ఎర్రరంగు పట్టించి, గాజుపలకల మధ్య పెట్టి, బొటనవేలితో నొక్కి స్లైడు చేసేవాళ్లం. మా గరిడేపల్లి వరిపొలాల్లో పట్టిన మిడతలతో నేను చేసిన స్లైడులో దారాల్లాంటి క్రోమోజోముల కొనలన్నీ ఒకే పక్కకు చేరాయి. మా పుస్తకంలో బొమ్మ అలా లేదు కనుక, నా వేలే వాటిని ఒక పక్కకు తోసేసిందన్నారు. సారు దేన్నీ తేలిగ్గా నమ్మే మనిషి కాదు, చాయ్ తాగేముందు కూడా గ్లాసును వెలుతురుకు పట్టి చూసేవారు. నొక్కడం రానివాళ్లకు ఉద్యోగమెందుకని ఆయన ప్రిన్సిపాలుతో అన్నట్టు తెలిసి నాకు అన్నం సయించలేదు. నన్ను తీసేసి తన మనిషినెవరినో పెట్టుకునే ఎత్తేమోనని నాకూ ఆయన మీద అనుమానమే.

చివరికి ఒకరోజు ఆయనే నా పక్కన నిలబడి, తన వేలితోనే నొక్కారు. కొనలు మళ్లీ ఒకే పక్కకు చేరాయి. చాలాసేపు చూసి, మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే అన్నారు:

"తప్పు నీ వేలిది కాదమ్మా. గీ గరిడేపల్లి మిడతల మీదనే నాకు అనుమానమున్నది. సూర్యాపేటయి తెప్పిద్దం."

సూర్యాపేటవీ అంతే. చిల్లుల డబ్బాలో కోదాడ నుంచి బస్సెక్కి వచ్చినవీ అంతే. అప్పుడు గానీ ఆయన పుస్తకాన్ని పక్కకు జరపలేదు. ఆ వారంలోనే నన్ను పర్మినెంటు చేయమని రాసి పంపారు.

వీడియో అయిపోయాక, ఇది నిజంగా కణంలో తీసిందా, ఎవరైనా గీసిన బొమ్మా అని మా పిల్లను అడిగాను. అదేం ప్రశ్న అన్నట్టు చూసి, "ఏమో అత్తా, అందరు సూస్తనే ఉన్నరు గదా" అంది.

సారు ఉంటే ఆ ఫోను లాక్కుని వెలుతురుకు పట్టి చూసేవారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను ఏం చెప్పినా అందరూ సరేనని తలూపి వెళ్లిపోతున్నారు. నన్ను అంత ఏడిపించిన ఆ మనిషి తప్ప, నేను చూపించినదాన్ని ఇంకో రెండు ఊళ్ల మిడతలు తెప్పించి మరీ చూసినవాళ్లు నా జీవితంలో ఇంకెవరూ లేరు.