పెద్దబాపు కొలత

మా ఊళ్లో ఇప్పటికీ ఎవరి లెక్క తప్పినా "గిది పెద్దాయన కొలతనా?" అని నవ్వుతారు. ఆ పెద్దాయన మా పెద్దబాపు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన కొలత తప్పలేదని ఇప్పుడైనా చెప్పాలి.

వానకాలమంతా చెరువు నీళ్లలో మునిగే శిఖం భూములు మావి. నీళ్లు తగ్గే రోజుల్లో ఆయన పొద్దుగూకే వేళ నీటి అంచున తంగేడు పుల్ల గుచ్చేవాడు. తెల్లారి, నీళ్లు పుల్లను వదిలి ఎంత వెనక్కి పోయాయో జానలతో కొలిచేవాడు. "భూమి ఇంకా పచ్చి బాలింతరా, జర ఆగుండ్రి" అనేవాడు. ఆయన సరేననేదాకా ఎవరూ అరక దించేవారు కాదు.

చెరువు పూడిక తీసిన ఏడాది నీళ్లు ఎంతకీ తగ్గలేదు. శనగ అదను దాటిపోతుందని నాకు తొందర. ఒక పొద్దున ఆయనకంటే ముందే వెళ్లి, పుల్లను ఆరు జానలు నీళ్లకు దూరంగా జరిపాను.

ఆయన కొలిచి "ఇగ దిగుండ్రి" అన్నాడు. ఎప్పటిలాగే మొదటి అరక తనదే. నాలుగడుగులకే ఒక ఎద్దు పొట్టదాకా దిగబడింది. పైకి లాగేసరికి దాని కాలు విరిగింది.

"ముసలాయనకు చూపు పోయింది" అన్నారందరూ. నేనూ తలూపాను.

మరుసటేడు ఆయన పుల్ల గుచ్చలేదు. తెచ్చి నా ముందు పట్టాడు.

"ఇగ నువ్వే చూడు కొడుకా. నా కండ్లు నన్నే మోసం చేసినయి."

నేను చేయి చాపి తీసుకున్నాను.