క్షమాపణకు వచ్చిన పైఇంటి బామ్మ

నా చిన్నప్పుడు, ఇప్పటికి అరవై ఏళ్ల కిందట, కరోనా వచ్చిన మొదటి ఏడాది, మేము జర్మనీలో బ్యోబ్లింగెన్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. అమ్మ హాస్పిటల్లో డాక్టరు. మా పైఅంతస్తులో ఒక పెద్దావిడ ఉండేది. యూదుల ప్రార్థనామందిరంలో గురువు, వాళ్ల మాటలో రబ్బీ. ఆడవాళ్లు కూడా గురువులవుతారని ఆవిడను చూశాకే నాకు తెలిసింది. నాకు మాత్రం పైఇంటి బామ్మ. ఎక్కడ ఎవరికి అన్యాయం జరిగినా అట్టముక్క మీద నాలుగు మాటలు రాసి పట్టుకుని రోడ్డెక్కేది. శరణార్థులను శిబిరాల్లో కుక్కి పెట్టారని ఆ వేసవిలో మాస్కు కట్టుకుని మరీ ఊరేగింపులకు వెళ్లింది. దేవుడి పని అంటే ఇదేనని నాతో అనేది. నా దృష్టిలో అంత ధైర్యస్తురాలు లోకంలో లేదు.

అలాంటి ఆవిడ ఎదుటే మాకు దెబ్బ తగిలింది. ఒక సాయంత్రం బిల్డింగ్‌లోవాళ్లంతా వెనక పెరట్లో దూరదూరంగా నిలబడి మీటింగ్ పెట్టుకున్నారు. అమ్మ రోజూ హాస్పిటల్ నుంచి రోగం మోసుకొస్తోందట, కాబట్టి కింద కెల్లర్ అనే నేలమాళిగలో అందరూ బట్టలుతుక్కునే మెషీన్ల గదిలోకి మా ఇంట్లోవాళ్లు అడుగు పెట్టకూడదట! కింది ఇంటాయన ఆ మాట మా ముఖం మీదే అన్నాడు. మిగతావాళ్లు తలూపారు. నేను బామ్మ వైపు చూశాను. ఇప్పుడు నోరు విప్పుతుంది, అందరినీ కడిగిపారేస్తుంది అనుకున్నాను. ఆవిడ తన చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడింది. అంతే.

ఆ రోజు నుంచి అమ్మ డ్యూటీ దిగి వచ్చి స్నానాల తొట్టిలో బట్టలు ఉతికేది. చేతులు పగిలిపోయాయి. నాన్న వేరే ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు. అమ్మయితే, ఈ అవమానమంతా తన వల్లే కదా అని, ఏకంగా ఉద్యోగమే మానేస్తానంది. రోగులను వదిలేసి ఇంట్లో కూర్చున్న అమ్మను నేను ఊహించుకోలేకపోయాను.

ఎండలు తగ్గాక ఒక మధ్యాహ్నం బెల్లు మోగింది. తలుపు తీస్తే బామ్మ, మాస్కుతో, మెట్ల దగ్గర దూరంగా నిలబడి ఉంది. ఆ సాయంత్రం నుంచి వాళ్ల పెద్ద ఉపవాసం. దేవుడి పట్ల చేసిన తప్పులకు దేవుణ్ని వేడుకోవచ్చు గానీ, మనిషి పట్ల చేసినవాటిని ఆ మనిషే క్షమించాలట. అందుకని ఉపవాసంలోపే వెళ్లి అడగాలట. "ఆ రోజు నేను నోరు విప్పలేదు. నన్ను క్షమిస్తారా?" అని అమ్మను అడిగింది. తల పండిన మనిషి, పైగా గురువు, మా గుమ్మం ముందు! నేను నోరెళ్లబెట్టాను.

అమ్మ ఏం చేస్తుంది, మనవాళ్లెవరైనా చేసేదే చేసింది. చేతులు జోడించి, అయ్యయ్యో పెద్దవారు మీరు, ఏమీ జరగలేదు, పర్వాలేదు అనేసింది. నా వైపు తిరిగి తెలుగులో, "గంత పెద్దామెతోని సారీ చెప్పించుకునుడేందే, పాపం తగుల్తది" అంది.

బామ్మ కదల్లేదు. "ఏమీ జరగకపోతే నేను దేనికి క్షమాపణ అడగాలి? జరిగింది. తిట్టండి. పర్వాలేదని మాత్రం అనకండి."

అమ్మ ఆ పగిలిన చేతులు చాపి చూపించింది. లోకమంతటి కోసం రోడ్డెక్కుతారు, మా కోసం ఒక్క మాట అనలేకపోయారే అని భోరుమంది. పెద్దవాళ్లకు ఎదురు చెబితే నా వీపు విమానం మోత మోగించే అమ్మేనా ఈవిడ! బామ్మ తల వంచుకుని మొత్తం వింది. తనకూ భయమేసిందని చెప్పింది. ఊరేగింపులో అరవడం సులువు, రోజూ ముఖాలు చూసుకునే ఇరుగుపొరుగు ముందు నోరు పెగల్లేదు అంది. అమ్మ కళ్లు తుడుచుకుని, క్షమించాను అంది.

అప్పుడావిడ నన్నూ అడిగింది. ఎనిమిదేళ్లదాన్ని! క్షమించనన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలీదు. "మీరు మాట్లాడనిది పెరట్లో కదా, అక్కడికెళ్లి చెప్పండి" అన్నాను. అమ్మ నా నోరు మూయబోయింది.

బామ్మ తలూపి, రెయిలింగ్ పట్టుకుని మెట్లు దిగింది. పెరట్లో నిలబడి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచింది. కిటికీలు తెరుచుకున్నాయి. తన తప్పేమిటో పైకే చెప్పింది. రేపు మనలో ఎవరికి ఊపిరాడకపోయినా చూసేది ఈ డాక్టరే, ఇకనుంచి ఆమె బట్టలూ నా బట్టలూ ఒకే మెషీన్లో, ఆపేవాళ్లు వచ్చి ఇద్దరినీ ఆపండి అంది. కింది ఇంటాయన కిటికీ ధడేల్‌మని మూశాడు. ఆపడానికి మాత్రం ఎవరూ రాలేదు. అమ్మ బట్టల బుట్ట ఎత్తుకుని కిందికి వెళ్లింది. ఉద్యోగం మానే మాట మళ్లీ ఎత్తలేదు. నేను బాల్కనీలోంచి, క్షమించానని గట్టిగా అరిచాను.

ఇప్పుడు నాకు ఆ బామ్మ వయసొచ్చింది. ఎవరైనా క్షమించమని వస్తే గబుక్కున పర్వాలేదనను. ఎక్కడ నొచ్చిందో చెప్పి, ఆ తర్వాతే క్షమిస్తాను. గయ్యాళిదన్న పేరొచ్చింది, రానీ. నాది తప్పయితే, ఎక్కడ చేశానో అక్కడే నిలబడి అడుగుతాను. ఇది మాత్రం ఇప్పటికీ గుండె దడదడలాడే పనే. మొన్న చుట్టాలందరి ముందు మనవరాలిని ఎగతాళి చేశాను. మళ్లీ ఆ చుట్టాలందరి ముందే దాన్ని క్షమించమని అడిగాను. అది నన్ను ఎగాదిగా చూసి, ఆలోచించి చెబుతానంది. ఇంకా చెప్పలేదు.