బెల్లంకాయలు

మొన్న ఉదయం పేపరు విప్పితే ఒక రంగుకాగితం జారిపడింది. ప్రాజెక్టులు, థీసిస్‌లు రాసి ఇవ్వబడునట, గోప్యతకు గ్యారంటీయట. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, దొంగసారా అమ్మేవాడైనా సీసాను గుడ్డకింద దాచేవాడు. వీళ్లకు ఆపాటి సిగ్గూ లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నేనింకా అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమస్తాగా ఉన్నప్పుడు, మా చెల్లెలి కొడుకు విశాఖపట్నంలో ఎం.ఫిల్. చేస్తూ, మన బెల్లం మీదే పరిశోధనంటూ ఊరంతా చెప్పుకున్నాడు. బడి మొహం సరిగా చూడక, అక్షరాలు సొంతంగా కూడబలుక్కున్నవాణ్ని కదా, మా ఇంట్లో ఒకడు పుస్తకమంత రాస్తున్నాడంటే పొంగిపోయి, బుచ్చయ్యపేట వైపు గానుగల దగ్గరికి తిప్పి చూపిద్దామని ఎదురుచూశాను. వాడు రానేలేదు. డబ్బిచ్చి డీటీపీ సెంటరులో రాయించుకున్నాడు. ఆ సెంటరువాడు ఎవరిదో మిరప మీది థీసిస్ తీసి, మిరప అన్నచోటల్లా బెల్లం అనీ, అందులోని రైతు పేరున్నచోట మావాడు చెప్పిన నా పేరూ పెట్టి అచ్చు తీసిచ్చాడు. బెల్లంకాయలను తొడిమతోనే కళ్లంలో ఆరబోయాలని నేను సెలవిచ్చినట్టు ఉంది అందులో!

గైడుకు అనుమానం వచ్చి, నన్నే అడుగుతానన్నాడట. ముందురోజు మేనల్లుడు పరుగెత్తుకొచ్చాడు.

"మావయ్యా, మేస్టారడిగితే నువ్వే సెప్పేనని ఒక్కముక్క అనీయ్. నీ సొమ్మేటి పోతాది?"

"బెల్లానికి తొడిమేట్రా ఎదవా?"

"పొరపాట్న నోరు జారిందని సెప్పీయ్."

అంటే దొంగతనం వాడిది, తెలివితక్కువతనం నాది! మర్నాడు ఆ గైడు బస్సు దిగి, ఎండలో మా కొట్టు వెతుక్కుంటూ వచ్చి, ఆ వాక్యం చదివి, ఇది మీ మాటేనా అని అడిగాడు. కాదన్నాను. ఆయన మంచినీళ్లు తాగి, తిరుగు బస్సెక్కాడు. మావాడికి ఆ డిగ్రీ దక్కలేదు.

"నీకు సదువు అబ్బనేదని ఆడికీ అబ్బకుండా సేసేవు గదన్నయ్యా" అని మా చెల్లెలు నలుగురిలో దులిపేసి, పోయేదాకా నాతో మాట్లాడలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అయినా సరే, మళ్లీ అడిగినా కాదనే అంటాను. ఆకలి ఒకడిదైతే కూలికి వచ్చి ఇంకొకడు తింటే, వీడి కడుపెలా నిండుతుందండీ?

ఇప్పుడు రాసేవాళ్లు పెరిగారు, కొనేవాళ్లు పెరిగారు, అచ్చు కూడా నున్నగా ఉంటోంది. ఒక్క వాక్యం నిజమో కాదో తేల్చుకోవడానికి బస్సెక్కి, ఒక గుమస్తాను వెతుక్కుంటూ వచ్చే మేష్టారే కరువయ్యాడు. నా పేరు మీద ఎవడేం రాసుకున్నా, నన్నడగడానికి ఇక ఎవరూ రారు.